గడువు లేని అజ్ఞాతవాసం

ఆరోగ్య విషయాలు వ్రాసే చోట సినిమాల ప్రస్తావన ఎందుకు అని కొందరు పాఠకులకు సందేహం కలగవచ్చు. పెద్ద నిర్మాణ సంస్థల అండ లేకుండా, పేరున్న తారలకోసం ఎదురుచూడకుండా, చందాలు పోగుచేసుకొని తీసిన కొన్ని స్వతంత్ర చిత్రాలను గురించి ఈ వ్యాసం. మహానగరాలలో నివసించే స్వలింగ ప్రేమికులైన పురుషుల జీవితం వాటి ఇతివృత్తం. రక్తపరీక్షలోగాని, ఎక్స్‌రేలోగాని కనబడని ఒక బాధను అవి మన కళ్ల ముందు ఉంచుతాయి. తానెవరో కన్నవారికి తెలియకుండా ఏళ్లతరబడి బ్రతకడంలోని బాధ అది. అందుచేత వాటిని ఆరోగ్య పాఠాలుగా చూడవచ్చునని నా అభిప్రాయం.

ముందుగా ఒక మాట. మన పత్రికలు వీరిని 'స్వలింగ సంపర్కులు' అని వ్రాస్తుంటాయి. ఆ మాట మనిషి జీవితాన్నంతటినీ పడకగదికి కుదిస్తుంది. భార్యాభర్తలను మనం ఎన్నడైనా 'భిన్నలింగ సంపర్కులు' అని పిలిచామా? ప్రేమ, తోడు, అలక, అనారోగ్యంలో సేవ, వృద్ధాప్యపు భయం అందరికీ ఉన్నట్లే వీరికీ ఉంటాయి. ఈ వ్యాసంలో నేను 'స్వలింగ ప్రేమికులు' అనే మాటనే వాడుతున్నాను.

రెండవది శాస్త్రం చెప్పే మాట. స్వలింగ ఆకర్షణ వ్యాధి కాదు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1973లోనే దానిని మానసిక రుగ్మతల జాబితానుండి తొలగించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990 మే 17న అదే పని చేసింది. అంతకుముందు వైద్యం పేరిట విద్యుత్ షాకులు ఇచ్చిన రోజులున్నాయి. వాటివలన ఎవరి ఆకర్షణా మారలేదు. అనేకుల మనస్సులు మాత్రం దెబ్బతిన్నాయి. మన దేశంలో జాతీయ వైద్య కమిషన్ 2022లో ఇటువంటి 'మార్పిడి చికిత్స'ను వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది. మానసిక వైద్యసేవలు అందించడంలో లైంగిక ఆకర్షణ కారణంగా వివక్ష చూపరాదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం స్పష్టం చేసింది. వ్యాధి కానిదానికి చికిత్స ఉండదు. కాని దానిని దాచుకొనవలసిన పరిస్థితి కలిగించే వ్యాధులు అనేకం ఉన్నాయి.

ఇక నగరం మాట. పల్లెలో, చిన్న పట్టణంలో ప్రతి గుమ్మానికీ కళ్లుంటాయి. ముప్పై ఏళ్లు దాటిన బ్రహ్మచారిని పలకరించిన ప్రతివారూ పెళ్లిమాటే ఎత్తుతారు. ముంబయి వంటి మహానగరంలో పక్కవాటాలో ఉన్నవాడి పేరుకూడా తెలియదు. ఆ తెలియనితనమే అక్కడ చేరిన యువకునికి ఆశ్రయం. ఇది ఒక విధంగా అజ్ఞాతవాసం. పాండవుల అజ్ఞాతవాసానికి ఏడాది గడువు ఉన్నది. ఏడాది తరువాత తమ పేర్లు తాము చెప్పుకొని తలెత్తుకొని నిలబడ్డారు. ఈ యువకుల అజ్ఞాతవాసానికి గడువు లేదు.

ఆ నగర జీవితాన్ని మొదటిసారి తెరకెక్కించినవారిలో రియాద్ వాడియా ఒకరు. ఆర్. రాజారావు కవితల ఆధారంగా 1996లో ఆయన తీసిన 'బామ్‌గే' నిడివి పన్నెండు నిమిషాలు మాత్రమే. ముంబయి నగరంలో ఇటువంటి మనుషులు ఉన్నారని చెప్పడమే ఆనాటికి సాహసం. భారత శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్ అప్పటికి అమలులో ఉన్నది. 2009లో ఢిల్లీ హైకోర్టు దాని పరిధిని తగ్గించింది. 2013లో సుప్రీంకోర్టు ఆ తీర్పును త్రోసిపుచ్చింది. చివరకు 2018 సెప్టెంబరు 6న వయోజనుల మధ్య పరస్పర అంగీకారంతో సాగే సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టే తేల్చిచెప్పింది.

ఆ చట్టం నీడలో బ్రతకడమంటే ఏమిటో దర్శకుడు ఓనిర్ 2010లో తీసిన 'ఐ యామ్' చిత్రంలో తెలుస్తుంది. వందలాది మంది తలా కొంత వేసుకొనగా తయారైన ఈ చిత్రానికి జాతీయ పురస్కారం లభించింది. ఇందులోని నాలుగు కథలలో ఒకటి 'ఒమర్'. ముంబయిలో ఒక పురుషుడు మరొక యువకునితో స్నేహం చేస్తాడు. ఇద్దరూ ఏకాంతంగా ఉన్నవేళ ఒక పోలీసు వారిని పట్టుకొంటాడు. చట్టం పేరు చెప్పి బెదిరిస్తాడు, అవమానిస్తాడు, డబ్బు గుంజుతాడు. దోపిడీకి గురైన ఆ మనిషికి ఫిర్యాదు చేసుకొనే దారి లేదు. ఫిర్యాదు చేయాలంటే తన రహస్యం తానే బయటపెట్టుకోవాలి. చట్టం మారినా బెదిరించి డబ్బు గుంజే అవకాశం పోలేదు. 'మీ ఇంట్లో చెబుతాను' అన్న ఒక్క బెదిరింపు చాలు. ఇల్లు తెలుసుకొని అంగీకరించిన రోజున మాత్రమే ఆ ఆయుధం మొద్దుబారుతుంది.

నిరంతర భయం శరీరానికి ఏమి చేస్తుందో వైద్యులకు తెలుసు. నిద్ర చెడుతుంది, ఆకలి మందగిస్తుంది, గుండె దడ, కడుపులో మంట, తలనొప్పి మొదలవుతాయి. మద్యం, పొగాకు తోడవుతాయి. అల్పసంఖ్యాకులు సమాజపు చిన్నచూపు వలన మోసే ఈ అదనపు ఒత్తిడిని 'మైనారిటీ స్ట్రెస్' అంటారు. స్వలింగ ప్రేమికుల విషయంలో దీనిని ఇలాన్ మేయర్ అనే పరిశోధకుడు 2003లో విపులంగా వివరించారు. దిగులు, ఆందోళన, ఆత్మహత్యా తలంపులు వీరిలో ఎక్కువగా కనబడటానికి కారణం వారి ఆకర్షణ కాదని, దానిచుట్టూ సమాజం పేర్చిన భయమని ఆ వివరణ సారాంశం. మరొక ప్రమాదమూ ఉన్నది. దాచుకొనే మనిషి వైద్యునివద్ద కూడా దాచుకొంటాడు. సుఖవ్యాధి లక్షణాలున్నా చూపించుకోడు, హెచ్‌ఐవి పరీక్షకు వెళ్లడు. వ్యాధి ముదిరిన తరువాతనే ఆసుపత్రికి వస్తాడు. హెచ్‌ఐవిని సకాలంలో గుర్తించి మందులు వాడితే నేడు దాదాపు అందరివలెనే పూర్ణాయుష్షుతో జీవించవచ్చు. సిగ్గు మూలంగా ఆ అవకాశం చేజారడం ఎంత విషాదం!

సంజయ్ నాగ్ దర్శకత్వంలో, రితుపర్ణ ఘోష్ రచనలో 2010లో వచ్చిన 'మెమరీస్ ఇన్ మార్చ్' చిత్రాన్ని ప్రతి తల్లీ తండ్రీ చూడాలని నేను కోరుకొంటాను. కలకత్తాలో ఉద్యోగం చేసే ఒక యువకుడు కారు ప్రమాదంలో మరణిస్తాడు. అతని వస్తువులు తీసుకొని వెళ్లడానికి తల్లి ఢిల్లీనుండి వస్తుంది. ఆ పాత్ర ధరించినవారు దీప్తి నావల్. కుమారుడు మరొక పురుషుని ప్రేమించాడని, ఇద్దరూ ఒకరికొకరై బ్రతికారని అప్పుడు ఆమెకు తెలుస్తుంది. ఆ ప్రియుని పాత్రను రితుపర్ణ ఘోష్ స్వయంగా ధరించారు. కుమారుని మరణం ఒక దుఃఖం. బ్రతికుండగా వాడెవరో తాను ఎరుగనేలేదన్నది రెండవ దుఃఖం. మొదటిది ఎవరి చేతిలోనూ లేదు. రెండవది మాత్రం నివారింపదగినది.

2018లో శ్రీధర్ రంగాయన్ తీసిన 'ఈవెనింగ్ షాడోస్' ఆ నివారణ ఎంత కష్టమో చూపుతుంది. ముంబయిలో ఛాయాగ్రాహకునిగా స్థిరపడిన కార్తీక్ కర్ణాటకలోని స్వస్థలానికి వస్తాడు. ఆచారవంతమైన కుటుంబం, మాటకు ఎదురుచెప్పనివ్వని తండ్రి, భర్తచాటున బ్రతికిన తల్లి, ఇంట్లో పెళ్లి ప్రయత్నాలు. కార్తీక్ తన మనస్సులోని సంగతి తల్లికి చెబుతాడు. ఆమె మొదట క్రుంగిపోతుంది. ఆపైన కుమారునికి అండగా నిలిచే ధైర్యం తెచ్చుకొంటుంది. ఒక్కరోజులో మారిపోయిన ఆదర్శ మాతను దర్శకుడు చూపలేదు. తల్లిదండ్రులకు కూడా ఈ విషయం జీర్ణించుకొనడానికి కొంత కాలం పడుతుందని, ఆ కాలంలో బిడ్డ చేయి విడువకుండా ఉంటే చాలునని ఈ చిత్రం చెబుతుంది.

2025లో సన్‌డాన్స్ చలనచిత్రోత్సవంలో ప్రపంచ సినిమా విభాగపు అత్యున్నత పురస్కారం పొందిన మరాఠీ చిత్రం 'సాబర్ బోండ'. ఆ పేరుకు అర్థం నాగజెముడు పండు. దర్శకుడు రోహన్ కనవడే తన సొంత అనుభవం ఆధారంగా అల్లిన కథ ఇది. మన దేశంలో దీనిని థియేటర్లకు తెచ్చినది రానా దగ్గుబాటికి చెందిన స్పిరిట్ మీడియా సంస్థ కావడం తెలుగువారు గుర్తుంచుకొనదగిన విషయం. ముంబయిలో కాల్ సెంటర్ ఉద్యోగి అయిన ఆనంద్ తండ్రి చనిపోయినందున పది రోజుల మైల పాటించడానికి సొంత ఊరికి వెళతాడు. చావింట్లో కూడా బంధువులు అతని పెళ్లిమాటే ఎత్తుతారు. అక్కడ బాల్య అనే చిన్ననాటి స్నేహితుడు, పెళ్లి ఒత్తిడినుండి తప్పించుకొంటున్న రైతు, అతనికి తోడవుతాడు. ఆనంద్ తల్లి చదువుకొన్న పట్టణ స్త్రీ కాదు, ఉద్యమాలు ఎరిగినదీ కాదు. బిడ్డ సంగతి ఆమెకు తెలుసు. ఆమె అతని పక్షాన నిలబడుతుంది. ప్రేమించడానికి పెద్ద చదువులు అక్కరలేదని చెప్పడానికి ఇంతకంటె ఉదాహరణ ఏమి కావాలి?

ఈ చిత్రాలను వరుసగా చూస్తే ఒక విషయం బోధపడుతుంది. కథ ముంబయిదైనా, కలకత్తాదైనా, చివరకు అది ఇంటివైపు, ముఖ్యంగా తల్లివైపు నడుస్తుంది. నగరం అతనికి ఒక గదిని, జీతాన్ని, కొందరు స్నేహితులను ఇచ్చింది. మనశ్శాంతి మాత్రం ఇవ్వలేకపోయింది. పండుగకు ఇంటికి వచ్చినపుడు ఫోను దాచుకొనవలసిన అవసరం, ప్రియునికి జబ్బు చేస్తే ఎవరికీ చెప్పుకోలేని దిగులు నగరానికి వెళ్లినంత మాత్రాన తీరేవి కావు. వాటికి మందు ఇంటివద్దనే ఉన్నది.

ఇటువంటి సినిమాలు చూసి పిల్లలు చెడిపోతారని కొందరి భయం. వెయ్యి ప్రేమకథా చిత్రాలు చూసి పెరిగిన స్వలింగ ప్రేమికుడు స్త్రీని కోరేవానిగా మారలేదు. అలాగే ఒక చిన్న చిత్రం చూసి ఎవరి ఆకర్షణా మారదు. మారేది చూసేవారి అవగాహన. అయితే ఈ చిత్రాలలో లోపాలు లేకపోలేదు. వీటిలో చాలావరకు చదువుకొని, నాలుగు డబ్బులు సంపాదించేవారి కథలే. గదికి ఆరుగురు చొప్పున సర్దుకొని కూలిపని చేసుకొనే యువకుని కథ అరుదు. సురక్షిత శృంగారం, పరీక్షలు, మందులు వంటి విషయాల ప్రస్తావన ఇంకా అరుదు.

అన్నిటికంటె ముఖ్యంగా, 'పెళ్లి చేస్తే అంతా సర్దుకొంటుంది' అన్న మాటకు బలైన స్త్రీ కథ మరింత విస్తారంగా రావలసి ఉన్నది. ఈ సలహా మన తెలుగు ఇళ్లలో ఎంత సులభంగా వినబడుతుందో మీకు తెలియనిది కాదు. పెళ్లి ఏ ఆకర్షణనూ మార్చలేదు. ఒకరి బాధను అది ఇద్దరి బాధ చేస్తుంది. ఏ పాపమూ ఎరుగని ఆ అమ్మాయి భర్త ఎందుకు దూరంగా ఉంటున్నాడో తెలియక, లోపం తనలోనే ఉన్నదని క్రుంగిపోతుంది. సంతానం కలగలేదన్న నిందనూ ఆమే మోస్తుంది. భర్త రహస్య జీవితం కారణంగా వ్యాధి సోకితే దానినీ ఆమే భరించాలి. పరువు నిలుపుకొనడానికి మరొకరి కుమార్తె జీవితాన్ని వెలగా చెల్లించడం ఏ ధర్మం?

కనుక తల్లిదండ్రులకు నా విన్నపం. మీ కుమారుడు ఈ మాట మీకు చెబితే, అది మీమీద అతనికున్న నమ్మకమని గ్రహించండి. వెంటనే ఒప్పుకొనలేకపోవచ్చు. కోపంతో ఇంటినుండి పొమ్మనకండి, ప్రాణత్యాగం చేస్తామని బెదిరించకండి, మార్చుతామని చెప్పే స్వాములవద్దకు, నకిలీ చికిత్సకులవద్దకు తీసుకొనిపోకండి. అన్నం తిన్నావా అని ఎప్పటివలెనే అడగండి. తక్కినది కాలక్రమాన అర్థమవుతుంది.

యువకులకు ఒక సూచన. ఇంట్లో చెప్పే తొందర మీకు అక్కరలేదు. మీ భద్రత, ఉపాధి చూసుకొని తగిన సమయంలో చెప్పండి. వైద్యునివద్ద మాత్రం దాచకండి. మీ అంగీకారం లేకుండా హెచ్‌ఐవి పరీక్ష చేయరాదని, ఫలితాన్ని గోప్యంగా ఉంచాలని 2017 నాటి చట్టం చెబుతున్నది. ప్రభుత్వ కేంద్రాలలో పరీక్ష, మందులు ఉచితం. హెచ్‌ఐవి సమాచారానికి 1097 నంబరుకు, మనసు క్రుంగినపుడు టెలి మానస్ 14416 నంబరుకు ఫోను చేయవచ్చు. తెలుగులో మాట్లాడేవారు అక్కడ ఉంటారు.

పాఠకులారా, ఈ చిత్రాలలో ఏ ఒక్కటైనా ఇంటిల్లిపాదీ కూర్చొని చూడండి. చూస్తున్నపుడు హేళనగా ఒక మాట అనడమో, మౌనంగా చూడడమో, 'పాపం ఆ పిల్లవాడు తల్లికి ముందే చెప్పుకొని ఉంటే బాగుండేది' అనడమో మీ చేతిలో ఉన్నది. మీ ఇంట్లో కూర్చొన్న ఒకరు ఆ మాటకోసం ఏళ్లుగా చెవియొగ్గి ఉండవచ్చు.