రాత్రికి ఏం వండాలి?

ఈమధ్య అమలాపురంలో ఒక సాహిత్య సభ జరిగింది. విషయం, మన సాహిత్యంలో శ్రమ. వక్తలు బాగానే మాట్లాడారు. ఏడు గంటలకు, ఉపన్యాసాలు ముగిసి అసలు చర్చ మొదలవుతుందనగా, ఆడవాళ్ళం ఒక్కొక్కరమే లేచి వచ్చేశాం. ఆటో కోసం నిలబడ్డ నలుగురి మధ్యా వచ్చిన మొదటి మాట, ‘‘రాత్రికి ఏం చేస్తున్నారండీ?’’ అని. మేం వచ్చేశాక ఒక మిత్రుడు, స్త్రీలకు సైద్ధాంతిక చర్చల మీద ఆసక్తి తక్కువ అన్నాడట. ఆ మిత్రుడికి జవాబు చెప్పటానికే ఇది వ్రాస్తున్నాను. ఆ రోజు శ్రమ గురించిన చర్చ సభలో కంటే ఆటోస్టాండులోనే ఎక్కువ జరిగిందని నా అభిప్రాయం.

మా ఇంటి సంగతే చెపుతాను. మామగారికి మధుమేహం, ఆయనకు పుల్కాలు. అత్తగారు శనివారం రాత్రి అన్నం తినరు, ఆవిడకు ఉప్పుడుపిండి. పిల్లవాడికి దోసె. నా భర్తకు వేడి అన్నం, వేపుడు, పెరుగు. ఆయన దుర్మార్గుడేమీ కాదు, ఈ పత్రికకు చందాదారు కూడాను. ఏం వండమంటారని అడిగితే, ‘‘ఏదో ఒకటి చెయ్యి, నాకేదయినా ఫరవాలేదు’’ అంటారు. వినటానికి ఎంత ప్రజాస్వామికంగా ఉంది! కాని పళ్ళెంలో దొండకాయ పడేసరికి, ‘‘మళ్ళీ ఇదేనా?’’ అనే మాట వస్తుంది. నిర్ణయించే బాధ్యత నాది, నిర్ణయాన్ని కొట్టివేసే హక్కు ఆయనది. పార్లమెంటరీ భాషలో దీనినే వీటో అంటారు.

వంటను శ్రమగా ఒప్పుకున్న అభ్యుదయవాదులు కూడా చేతులు చేసే పనినే లెక్కవేస్తారు: తరగటం, రుబ్బటం, వార్చటం. అందుకే గ్యాసు పొయ్యి, మిక్సీ, కుక్కరు వచ్చాక ఇంకేం కష్టమని అడుగుతారు. మూడో పీరియడులో ప్రబంధ లక్షణాలు చెపుతూ ఉండగానే నా బుర్రలో సగం భాగం, ఇంట్లో మిగిలిన కొబ్బరిచెక్క పచ్చడికి సరిపోతుందా, మధ్యాహ్నపు పప్పు రాత్రిదాకా ఆగుతుందా, కందా బచ్చలీ తెస్తే తరిగే వేళ ఉంటుందా అని లెక్కలు కడుతూ ఉంటుంది. ఈ లెక్కలు కట్టే మిక్సీ ఇంకా అంగట్లోకి రాలేదు.

ఇంటిపనికి ఒక లెక్క మాత్రం ఉంది. కేంద్ర గణాంక శాఖ 2019లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతంలేని ఇంటిపని చేసే స్త్రీ రోజుకు 299 నిమిషాలు, ఆ పని చేసే పురుషుడు 97 నిమిషాలు వెచ్చించారు. 2024 సర్వేకు స్త్రీ సమయం 289కి తగ్గింది. పురుషుడి సమయం పెరిగిందనుకుంటారేమో, అదీ 88కి తగ్గింది! పైగా ఈ 88 నిమిషాలయినా పనిలో చెయ్యి పెట్టినవారి సగటు. అటువంటి పురుషులు నలుగురిలో ఒకడు మాత్రమే.

ఇదంతా ఉద్యోగాలు చేసే మధ్యతరగతి ఆడవాళ్ళ గొడవ అనేవారున్నారు. కూలి ఇంట్లో రాత్రి వంటే అసలు వంట. నాట్లనుంచో, కొబ్బరిపీచు పనినుంచో ఆరింటికి తిరిగివచ్చిన మనిషి, ఆ రాత్రికీ మర్నాటి చద్దన్నానికీ కలిపి ఎసరు పెడుతుంది. అక్కడ ప్రశ్న ‘‘ఏం వండాలి’’ కాదు, ‘‘దేంతో వండాలి’’. రేషను బియ్యం మనిషికి నెలకు 5 కిలోలు; కూర మాత్రం ఆనాటి కూలిని బట్టి, గోంగూరో ఎండునెత్తళ్ళో. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటినుంచీ ఈ డెల్టాను అన్నపు గిన్నె అంటున్నాం. 2011 ఖరీఫులో గిట్టుబాటు లేక, మురుగు పోయే దారి లేక, కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. వారి కారణాలు న్యాయమైనవే. కాని నేను చదివిన వార్తల్లో ఎక్కడా, నాట్లు లేని ఆ ఏడు కూలిస్త్రీ పొయ్యిమీద రాత్రికేం పెట్టిందన్న ప్రశ్న కనబడలేదు.

రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి ప్రాంతాల్లో మరో దృశ్యం ఉంది. ఇక్కడి స్త్రీలు ఎందరో కువైట్‌కూ మస్కట్‌కూ ఇంటిపనికి పోతారు. అక్కడ పరాయివాళ్ళకు రాత్రి భోజనం వండి, ఇక్కడ పిల్లలకు అమ్మమ్మ వండటానికి డబ్బు పంపుతారు. ఆ ఇళ్ళలో వారు పడే హింస నాకు తెలియంది కాదు. అయినా ఒక్క సంగతి చూడండి. రోజుకు 12 గంటలకు మించి పని ఉండరాదనీ, వారానికొక సెలవు ఉండాలనీ కువైట్ 2015లో చట్టం చేసింది. అమలు ఎట్లా ఉన్నా కాగితం మీదయినా ఉంది. అదే స్త్రీ అదే కూర రాజోలులో వండితే అది పని కాదు, మమకారం!

ఇక్కడ మనవాళ్ళు డొక్కా సీతమ్మగారిని తీసుకువస్తారు. కోనసీమ స్త్రీ అన్నపూర్ణ అంటారు. లంకల గన్నవరంలో ఏవేళ వచ్చినవారికయినా అన్నం పెట్టిన ఆ తల్లి మీద నాకెంతో గౌరవం. కాని ఆవిడ గొప్పతనమంతా అన్నాన్ని కుటుంబపు గడప దాటించటంలో ఉంది. దానిని చూపి ప్రతి కోడలినీ గడపలోపల కట్టివెయ్యటం ఏం న్యాయం? 2024లో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరు పెట్టారు, మంచిదే. ఆ అన్నం వండే స్త్రీల గౌరవ వేతనం 2019లో వెయ్యి నుంచి 3000కు పెరిగింది. నెలకు, రోజుకు కాదు. అన్నపూర్ణకు జీతమివ్వటం మనకు అలవాటు లేదు.

మొగవాళ్ళు ‘‘సాయం’’ చేస్తే చాలునా? సాయమన్న మాటలోనే పని ఎవరిదో తేలిపోయింది. ఇంటిపనిని సామాజిక పరిశ్రమగా మార్చాలని ఎంగెల్స్ 1884లోనే వ్రాశాడు. దాన్ని తరగతిలో బోధించి ఇంటికి వెళ్ళి కంచం ముందు కూర్చుంటాం. మన రాష్ట్రంలో 2018లో అయిదు రూపాయల క్యాంటీనులు తెరిచారు, 2019లో మూశారు, 2024లో మళ్ళీ తెరిచారు. రాత్రి కూడా అక్కడ భోజనం దొరుకుతుంది. మనం దాన్ని ఓట్ల ఎత్తుగడ అన్నాం, లేదా బీదలకు ధర్మం అన్నాం. ప్రతి వీధికీ ఒక రాత్రి వంటశాల కావాలని, వండేవారికి సరయిన జీతం ఉండాలని, లెక్చరరూ కూలీ ఒకే పంక్తిలో తినాలని మన మహాసభలు ఎందుకు తీర్మానించవు? ఇంటివంట రుచి పోతుందని బెంగపడేవారు ఆదివారంనాడు పనసపొట్టు కొట్టటం నేర్చుకోవచ్చు. చేతికి నూనె రాసుకోవటం మరువకూడదు, జిగురు అంత తేలిగ్గా వదలదు.

వచ్చే సభకు నన్ను వక్తగా రమ్మని కార్యదర్శిగారు ఉత్తరం వ్రాశారు. సాయంత్రం ఆరున్నరకట. రాత్రి భోజనం సభలోనే పెట్టాలనీ, వంట మొగ సభ్యులే చెయ్యాలనీ, ఏం వండాలని మాత్రం నన్ను అడగకూడదనీ జవాబు వ్రాశాను. మూడు వారాలయింది, ఇంకా ఏమీ తేల్చలేదు.