ఆరుగురి కూర్పు

చారిజార్డ్‌ని పక్కన పెట్టమంటే ఏ పిల్లవాడూ ఒక పట్టాన ఒప్పుకోడు. నోట మంటలు కక్కుతూ రెక్కలు చాపి ఎగిరే ఆ జీవి మూడు దశాబ్దాలుగా పోకెమాన్ ఆడే పిల్లల మనసు దోచుకుంటూనే ఉంది. అయితే అది నిప్పు జాతిదీ, ఎగిరే జాతిదీ కూడా కావడం వల్ల రాయి దెబ్బ దానికి నాలుగింతలై తగులుతుంది. ఎంత పెంచి పోషించినా ఆ లెక్క మారదు. చారిజార్డ్‌ని నమ్ముకుని ఆటలోకి దిగి, ఒక్క రాతి దెబ్బకు అది కూలిపోవడం చూసిన పిల్లవాడికి ఒక పెద్ద ప్రశ్న ఎదురవుతుంది. దీన్ని వదిలేయాలా, లేక దీని పక్కన ఇంకెవరినైనా నిలబెట్టాలా? ఈ ప్రశ్న ఎంత మంచిదో పెద్దవాళ్లం గమనిస్తున్నామా అన్నదే మా ఆలోచన.

మునగాల, కోదాడ, మిర్యాలగూడ ఇళ్లలో సెలవులు వస్తే "ఎంతసేపురా ఆ ఫోను పట్టుకుంటవ్?" అన్న మాట రోజూ వినబడేదే. ఆ కోపంలో న్యాయం ఉంది. కళ్లు పోతాయన్న భయం, చదువు పోతుందన్న భయం, డబ్బు పెట్టి ఆడే ఆటల్లో చిక్కుకుంటాడన్న భయం ఉత్తవి కావు. డబ్బు పందేల ఆన్‌లైన్ ఆటల్ని తెలంగాణ 2017లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతటా ఆ పని చేస్తూనే, పందెం లేని పోటీ ఆటల్ని వేరుగా గుర్తించింది. ఇంట్లో కూడా ఆ తేడా తెలిసి ఉండటం మంచిది. పేకాటకి తోబుట్టువైన యాప్ ఒకటి, బుర్రకు పదును పెట్టే ఆట ఇంకొకటి. రెండింటినీ ఒకే తిట్టుతో తిడితే పిల్లవాడు మన మాట వినడం మానేస్తాడు.

జపాన్‌లో 1996 ఫిబ్రవరి 27న పోకెమాన్ తొలి ఆటలు వచ్చాయి. రూపకర్త సతోషి తజిరి చిన్నప్పుడు టోక్యో శివారు చెరువుల దగ్గర, పొలాల్లో పురుగుల్ని పట్టి దాచుకునేవాడు. ఆ ఇష్టమే ఆటైంది. మొదట 151 జీవులు, ఇప్పుడు వెయ్యికి పైన. మొదట 15 జాతులు, ఇప్పుడు 18. నీరు నిప్పును ఆర్పుతుంది, నిప్పు ఆకును కాల్చుతుంది, ఆకు నీటిని పీల్చుతుంది. ఇంతవరకు మూడేళ్ల పిల్లకైనా అర్థమవుతుంది. పద్దెనిమిది జాతులు, ఒక్కోదానికి కొన్ని లోట్లు, కొన్ని రక్షణలు, చాలా జీవులకు రెండేసి జాతులు. అక్కడికి వచ్చేసరికి పెద్దవాళ్లకు కూడా కాగితం, పెన్ను కావాలి. కరెంటు దెబ్బ నేల జాతిని అసలు తాకదు. మామూలు జాతి దెబ్బ దెయ్యం జాతికి తగలదు. అన్ని దెబ్బలనూ తట్టుకునే కవచం ఎవరికీ లేదు. ఈ ఆటని తీర్చిదిద్దినవాళ్లు చేసిన గొప్ప పని ఇదేనని మా అభిప్రాయం. అన్నిటికీ సరిపోయే ఒక్కడిని వాళ్లు పుట్టించలేదు.

పోటీల నియమాలు ఇంకా ముచ్చటగా ఉంటాయి. ప్రపంచ స్థాయి పోటీల్లో ఆటగాడు ఆరుగురిని తెచ్చుకుంటాడు. ఎదుటివాడి ఆరుగురినీ చూస్తాడు, తన ఆరుగురినీ చూపిస్తాడు. తర్వాత కొద్దిసేపట్లో ఆరుగురిలో నలుగురినే ఎంచుకుని బరిలోకి దించాలి. ఒకేసారి ఇద్దరు నిలబడి పోరాడతారు. ఒకే జీవిని రెండుసార్లు పెట్టకూడదు. ఒకే వస్తువును ఇద్దరి చేతికి ఇవ్వకూడదు. అందరూ 50వ స్థాయికి సర్దుకుంటారు కాబట్టి నెలల తరబడి పెంచినంత మాత్రాన పైచేయి రాదు. ఇన్ని నియమాల తర్వాత మిగిలేది ఒక్కటే, ఎవరి పక్కన ఎవరిని నిలబెట్టావు అన్నది.

కొత్తగా ఆడేవాళ్లు ఆరుగురినీ కొట్టేవాళ్లనే ఎంచుకుంటారు. ఇది ఎక్కడైనా జరిగేదే. గార్చాంప్ అనే నేల జాతి డ్రాగన్ ఉంది, దాని 'ఎర్త్‌క్వేక్' దెబ్బకు పేరున్న వీరులు కూలుతారు. కానీ ఇద్దరిద్దరు నిలబడే ఆటలో ఆ భూకంపం పక్కనున్న సొంత మనిషికీ తగులుతుంది. దానికి జోడీగా ఎగిరేవాణ్ని పెట్టాలి, లేదా ఆ క్షణానికి 'ప్రొటెక్ట్'తో తనను తాను కాచుకునేవాణ్ని పెట్టాలి. బలం ఎంత ఉందన్నది ఒక లెక్క. ఆ బలం చుట్టుపక్కల ఏం చేస్తుందన్నది మరో లెక్క. ఈ రెండోదాన్ని పిల్లలు ఓడి నేర్చుకుంటారు. పరీక్షల్లో మనం వాళ్లకు నేర్పేది మొదటి లెక్క మాత్రమే.

2014 ఆగస్టులో వాషింగ్టన్‌లో ప్రపంచ పోటీ జరిగింది. దక్షిణ కొరియా కుర్రాడు సెజున్ పార్క్ తన ఆరుగురిలో పచిరిసు అనే ఉడత లాంటి కరెంటు జీవిని పెట్టుకుని వచ్చాడు. చూడటానికి ముద్దుగా ఉంటుంది, బొమ్మల దుకాణంలో పెట్టుకోదగ్గది. దాని శక్తులన్నీ కూడితే 405. గార్చాంప్‌వి కూడితే 600. దాని కొట్టే బలం 45. ఇంతకంటే తక్కువ బలంతో ప్రపంచ పోటీకి ఎవరొస్తారు? పార్క్ దగ్గర ఉన్న ప్రధాన యోధుడు గ్యారడాస్ అనే పెద్ద జలసర్పం. దానికి కరెంటు దెబ్బ నాలుగింతలు తగులుతుంది. రూపు మార్చుకుని మరింత బలవంతుడయ్యాక కూడా రెండింతలు తగులుతుంది. పచిరిసుకు 'ఫాలో మీ' అనే విద్య ఉంది. అది వేస్తే ఎదుటివాడు గ్యారడాస్ మీద గురిపెట్టిన దెబ్బ కూడా పచిరిసు మీదికే మళ్లుతుంది. ఆ వచ్చిన దెబ్బ కరెంటుదైతే 'వోల్ట్ అబ్జార్బ్' వల్ల పచిరిసుకు నొప్పి ఉండదు, పైగా పోయిన ప్రాణం కొంత తిరిగి వస్తుంది. అంటే గ్యారడాస్ చావుకు కారణమయ్యేది దీనికి ఆహారమవుతోంది.

అంతటితో అయిపోలేదు. కొట్టే బలం లేని ఉడతకు పార్క్ ఇచ్చిన మరో విద్య 'సూపర్ ఫ్యాంగ్'. ఇది కొట్టేవాడి బలంతో సంబంధం లేకుండా ఎదుటివాడి మిగిలిన ప్రాణంలో సగం తీసేస్తుంది. ఇంకోటి 'నజిల్', దెబ్బ చిన్నదే, కానీ తగిలినవాడికి తిమ్మిరెక్కి వేగం పడిపోతుంది. ఒక్కొక్కటి చూస్తే ఉడతకున్న లోట్లన్నీ అలాగే ఉన్నాయి. ఆ లోట్లు అడ్డుకాని పనులు మాత్రమే పార్క్ దానికి అప్పగించాడు. ఫైనల్లో అమెరికా ఆటగాడు జూడీ అజరెల్లీని ఓడించి ప్రపంచ విజేత అయ్యాడు. బలహీనుణ్ని దయతో జట్టులో చేర్చుకున్న కథగా దీన్ని చెప్పుకోవడం పొరపాటు. ఆ జట్టుకు ఆ ఉడత అవసరం. దానితోనే మిగతా ఐదుగురి బలం పనికొచ్చింది.

ఆటలో మాకు అన్నిటికంటే నచ్చింది 'ట్రిక్ రూమ్'. అది వేసిన వంతుతో కలిపి ఐదు వంతుల పాటు వరుస తారుమారవుతుంది, నెమ్మదిగా కదిలేవాళ్లు ముందు కొడతారు, వేగవంతులు ఆగాలి. జట్టులో ఒక్కరు ఆ గదిని కట్టగలిగితే, నత్తలా నడిచే బరువైన జీవులు బరిలో రాజులవుతారు. తరగతిలో నిదానంగా జవాబు చెప్పే పిల్లవాడి కోసం అలాంటి ఐదు నిమిషాలు ఎవరైనా కేటాయిస్తే ఎంత బాగుండు అనిపిస్తుంది.

ఈ ఆలోచన మన నేలకు కొత్తదేమీ కాదు. మేళ్లచెరువు శివరాత్రి జాతరలో బండ లాగే ఎడ్ల పందేలు చూసినవాళ్లకు తెలుసు. జత కూర్చేటప్పుడు రైతు అడుగు కలిసే ఎద్దుల్నే వెతుకుతాడు. అంత పోలిక ఉన్నా ఎలపటెద్దు పని వేరు, దాపటెద్దు పని వేరు. చోటు మారిస్తే రెండూ తడబడతాయి.

ఇంకా పెద్ద ఉదాహరణ మునగాలదే. వందేళ్ల కిందట చుట్టూ నిజాం ఇలాకా, మధ్యలో ద్వీపంలా బ్రిటిష్‌వారి కింద కృష్ణా జిల్లాకు చెందిన మునగాల పరగణా ఉండేది. జమీందారు రాజా నాయని వెంకట రంగారావు, దివాను కొమర్రాజు వెంకట లక్ష్మణరావు. తెలుగులో విజ్ఞాన గ్రంథాలు రావాలని లక్ష్మణరావు పట్టుబట్టారు. 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పుట్టింది. అందులో ఎవరున్నారో చూడండి. రాజా దగ్గర డబ్బు, పలుకుబడి. లక్ష్మణరావు దగ్గర చరిత్ర పరిశోధన, పలు భాషల చదువు. హైదరాబాదులో రావిచెట్టు రంగారావు ఇంట్లోనే 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం మొదలైంది, కాబట్టి మనుషుల్ని కూడగట్టే నేర్పు ఆయనది. గాడిచర్ల హరిసర్వోత్తమరావుది పదునైన కలం. మండలి తొలి పుస్తకంగా ఆయన రాసిన అబ్రహాం లింకన్ జీవిత చరిత్ర వచ్చింది. అయ్యదేవర కాళేశ్వరరావు అప్పటికి యువకుడు. తర్వాత ఆయన ఆంధ్రప్రదేశ్ శాసనసభకు తొలి స్పీకరయ్యారు.

ఐదుగురూ లక్ష్మణరావు వంటి చరిత్రకారులే అయి ఉంటే మండలి మంచి చరిత్ర పుస్తకాలు వేసి ఊరుకునేదేమో. అలా జరగలేదు. ఆంధ్రుల చరిత్రను చిలుకూరి వీరభద్రరావు రాశారు. అర్థశాస్త్రం కట్టమంచి రామలింగారెడ్డి రాశారు. వైద్యులు ఆచంట లక్ష్మీపతి తోడయ్యారు. లక్ష్మణరావు తాను చేయగలిగింది చేస్తూ, తనవల్ల కానిదాన్ని ఎవరు చేయగలరో వెతికి పట్టుకున్నారు. 1908లో రాజద్రోహం కేసులో గాడిచర్ల జైలుకు వెళ్లారు. ఒక మనిషి మీద ఆనుకున్న సంస్థ అయితే అక్కడితో మూతపడేది. మండలి మద్రాసుకు మారి పుస్తకాలు వేస్తూనే ఉంది. మరోవైపు అదే జమీందారు ఆదరణలో నడిగూడెంలో ఉండి పత్తి మీద ప్రయోగాలు చేసిన పింగళి వెంకయ్య జాతీయ జెండా నమూనాల మీద కూడా పనిచేశారు. చిన్న పరగణా, కానీ దాని చుట్టూ చేరిన మనుషుల రకాలు చూస్తే ముచ్చటేస్తుంది.

తర్వాత లక్ష్మణరావు తలపెట్టిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం మాత్రం పూర్తి కాలేదు. ఆ మహాకార్యం భారంలో చాలా భాగం ఆయన భుజాల మీదే పడింది. 1923లో నలభై ఆరేళ్ల వయసుకే ఆయన కన్నుమూశారు. ఆ సంపుటాలు తిరగేసినప్పుడల్లా, ఆయనకు ఆ వేళ పక్కన ఇంకో ఇద్దరు ముగ్గురు ఉండి ఉంటే ఎంత బాగుండేదని బాధ కలుగుతుంది.

ఇప్పటి మన పిల్లల సంగతికి వద్దాం. ఆరుగురితో ఆడే ఆ ఆటలకు కావాల్సిన కన్సోళ్లు ఖరీదైనవి, మన పట్టణాల్లో అంత సులువుగా దొరకవు. చేతిలో ఉండేది ఫోన్. పోకెమాన్ గో 2016 డిసెంబరులో జియోతో కలిసి మన దేశంలో అడుగుపెట్టింది. అందులో ఒక జట్టుకు ముగ్గురే. 'గ్రేట్ లీగ్' అనే విభాగంలో 1500 మించిన బలం ఉన్నవాళ్లకు ప్రవేశం లేదు, కాబట్టి మహావీరులు బయటే ఆగి, చిన్నవాళ్లు లోపలికి వస్తారు. ముందు నిలబడేవాడు ఒకడు, అతను చిక్కుల్లో పడితే మారడానికి ఒకడు, చివర ముగించేవాడు ఒకడు. నగరంలో ప్రతి వీధిలో ఆటకు కావాల్సిన మజిలీలు ఉంటాయి, పల్లెలో వాటి కోసం చాలా దూరం నడవాలి. మన పిల్లలకు అది ఒక లోటే. ఆ లోటు తెలిసి కూడా తమకు దొరికిన నాలుగు జీవులతో జట్టు కట్టి ఆడుతున్న పిల్లల్ని చూస్తే గౌరవం కలుగుతుంది.

అమ్మానాన్నలు రోజుకు ఇంత సేపని గీత గీయాలి, గట్టిగానే గీయాలి. దాంతోపాటు ఒక్కసారి పక్కన కూర్చుని "నీ జట్టులో ఎవరెవరున్నరు? వీడినెందుకు పెట్టుకున్నవ్?" అని అడగండి. పిల్లవాడు చెప్పే జవాబులో తర్కం ఉంటుంది, లెక్క ఉంటుంది, ఎదుటివాడు ఏం ఆలోచిస్తాడో ఊహించే నేర్పు ఉంటుంది. బడిలో గుంపు పని ఇచ్చినప్పుడు మార్కులు ఎక్కువొచ్చే నలుగుర్నీ ఒకే గుంపులో వేయడం మానమని ఉపాధ్యాయులకు కూడా విన్నవిస్తున్నాం. బొమ్మ గీసేవాడు, మాట్లాడేవాడు, ఓపికగా లెక్క సరిచూసేవాడు, అల్లరి చేసేవాళ్లను కూర్చోబెట్టగలిగేవాడు, వీళ్లంతా ఒక గుంపులో ఉండాలి.

ఇటీవలి పోకెమాన్ ఆటల్లో ఒక సౌకర్యం ఉంది. గెలిచిన ఆటగాడు తన జట్టు కోడ్ ఇస్తే ఎవరైనా ఆ ఆరుగుర్నీ అరువు తెచ్చుకుని ఆడవచ్చు. పిల్లలు ఉత్సాహంగా తెచ్చుకుంటారు, ఓడుతారు, మళ్లీ ఓడుతారు. ఆ ఆరుగురిలో ఎవరు ఎవరి లోటును కాస్తున్నారో కట్టినవాడికే తెలుసు. కొన్నాళ్లకు పిల్లవాడు ఒక్కరిని తీసి తనకు తెలిసినవాణ్ని పెడతాడు. ఇంకొకర్ని మారుస్తాడు. చివరికి అరువు తెచ్చినవాళ్లలో ఇద్దరు మిగులుతారు, తన చారిజార్డ్ తిరిగొస్తుంది. ఈసారి దాని పక్కన, రాయి దెబ్బను తనమీదికి తిప్పుకోగల ఒక చిన్న జీవి నిలబడి ఉంటుంది.