కూలరు తొట్టికి రంగు

శివరాత్రి గడచినది. పంచలో మూలబడియున్న రేకు కూలరును వెలికిదీసి తుడుచుకొనవలసిన దినములు వచ్చినవి. కుందుర్పివంటి మెట్టసీమలో నీ యంత్రము పనిచేసినట్లు బందరులో పనిచేయదు. సముద్రతీరపు గాలి ముందే తడిసియుండును. అనంతపురము జిల్లాలో సాలుకు కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లే. ఇచ్చటి పొడిగాలి తడిగడ్డిలో దూరినప్పుడు నీటిని పీల్చుకొని చల్లబడును. కఱవుసీమకు గాలి చేసిన మేలు ఇదొక్కటియే కాబోలు!

అయితే నీరు ఆవిరియై పోవునుగాని బోరునీటిలోని ఉప్పును సున్నమును పోవు. దినదినము క్రొత్తనీరు పోయుచుందుము. పాత లవణము తొట్టిలోనే నిలిచి పెరుగుచుండును. కొన్ని వారములకు తెల్లని పెచ్చు కట్టి, దానిక్రింద రేకు తుప్పుపట్టును. పిదప చిల్లి. బిందెలతో మోసితెచ్చిన నీరు రాత్రియంతయు నేలపాలగుచుండ చూచిన గృహిణికి, తొట్టికి రంగు వేయుట సొగసుకొఱకు కాదని వేఱుగ చెప్పనక్కఱలేదు.

“పోయిన యేడే వేయించితిమి, అప్పుడే పెచ్చులూడినది, రంగు మంచిది కాదు” అని పలువురనుట వినుచుందును. పెక్కుచోట్ల దోషము రంగుది కాదు, దానిక్రిందిది. కూలరు రేకులు చాలవఱకు జింకుపూత గలవి. సాధారణపు ఎనామెలు రంగులో నూనె సంబంధమైన పదార్థముండును. అది తేమ తగిలిన జింకుతో కలిసి సన్నని సబ్బుపొరగా మాఱును. సబ్బుమీద ఏ రంగు నిలుచును? ఎఱ్ఱని రెడ్ ఆక్సైడు పూతలలో పెక్కింటి గతియు నింతే; అవి జింకులేని వట్టి ఇనుమునకు తగినవి. కావున జింకురేకునకు ముందుగా ఎపాక్సీ ప్రైమరు వేయుట మేలు. జింకు అరిగి ఇనుము బయటపడిన చోటులకును అదియే చాలును. ఇది రెండు డబ్బాలుగా వచ్చును. డబ్బాపై చెప్పిన పాళ్లలో, ఆ పూటకు కావలసినంతే కలుపుకొనవలెను. మిగిలినది గట్టిపడి వ్యర్థమగును.

అంతకుముందు శ్రమయంతయు శుభ్రతలో నున్నది. తీగను గోడనుండి ఊడదీసి, పంపును మోటారును వేఱుచేయుడు. తెల్లపెచ్చును వినిగరుతో గాని చింతపండు పులుసుతో గాని నానబెట్టి గీకుడు. రాత్రియంతయు నుంచరాదు, పులుపు జింకునుగూడ తినును. తుప్పును గరుకుకాగితముతో రుద్ది, కడిగి, మూలమూలలు ఆఱనిండు. పాత కూలరైనచో కాగితమును తడిపియే రుద్దుడు. పిల్లలను దూరముగ నుంచుడు. ఇండ్ల రంగులలో సీసము పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదను ప్రభుత్వ నియమము 2016లో పుట్టి 2017 నవంబరులో అమలునకు వచ్చినది. అంతకు పూర్వపు రంగులలో సీసముండవచ్చును.

రంగు వేయుటకు నీడపట్టు కావలెను. ఎండలో కాగిన రేకుమీద పూత బొబ్బలెక్కును. మన దుమ్ముగాలి దానిపై ఇసుక చల్లును. తలుపులు తెఱచియున్న పంచ తగినది, పొయ్యి మాత్రము దగ్గఱ నుండరాదు. దట్టమైన పూత ఒకటికంటె పలుచనివి రెండు మూడు మేలు. పైభాగమునకు ప్రైమరుమీద ఎనామెలు చాలును. తొట్టిలోపల మాత్రము ఎపాక్సీ రంగే వేయుడు. నల్లని తారురంగు చవుకయే, నీటికి నిలుచును. కాని ఎండకు మెత్తబడును, దానిమీద వేఱురంగు వేసినచో మరక పైకి తేలును. కాళ్ల అడుగులను మఱువకుడు. తుప్పు ముందుగ నచ్చటనే పుట్టును.

ఇంకొక్కటి, ఇది ప్రాణముతో కూడినది. ఎర్తుతీగ బిగించు మరచోట రంగు పడనీయకుడు. అచ్చట లోహము లోహమును తాకవలెను. నడుమ రంగుపొర యున్నచో తీగ యున్నను లేనట్లే. తడిసిన ఇనుపపెట్టెను తాకి ప్రతి వేసవిలోను ఎందఱో విద్యుద్ఘాతమునకు గుఱియగుచున్నారు. బిగించిన పిమ్మట విద్యుత్పనివానిచేత పరీక్ష చేయించుడు. నీరు పోయునప్పుడు ప్లగ్గు తీసియేయుండవలెను.

చివరిపూత ఆఱినట్లు కనబడినను వారమువఱకు నీరు పోయరాదు. పిదప వారమునకొకసారి తొట్టిని వంచి, అడుగునీటిని పాఱబోసి, ప్రక్కలను మెత్తనిగుడ్డతో తుడువవలెను. లవణము తగ్గును, డెంగీదోమ గ్రుడ్లును పోవును. తీగపీచుతో తోమినచో రంగుమీద గీతలు పడును.