గాలిపెట్టెయు లెక్కయు

మోటలు నడచిన దినములలో, కొల్లాపురపు రైతు బొక్కెనకుఁ జిల్లి పడినచో అతుకు వేయించెడివాఁడు; కాఱిన నీటిని అంచనాకట్టి లెక్కలోఁ దీసివేసికొనెడివాఁడు కాఁడు.

మా విద్యార్థులు చెక్కపెట్టె, పాత వాక్యూం క్లీనరు మోటారు, రెండు నీటిగొట్టములు చేర్చి, ఇంజను హెడ్డులోనికి గాలి యెంత పోవునో కొలుచు సాధనమును నిర్మించిరి. హెడ్డు విప్పి, గాలిద్వారమును ఆకురాయితో రాచి, మరల బిగింపఁగా కొలత మిక్కిలి హెచ్చెను. మేమును మురిసితిమి, దాఁపనేల? పిమ్మట ద్వారమును రేకుతో మూయించి, పెట్టెలోని పీల్పును 25 సెంటీమీటర్ల నీటికి నిలిపించితిమి. ప్రవాహమును జూపు గొట్టములో నీరు కదలరాదు, కదలెను!

సబ్బునీరు పూసిరి, బుడగ రాలేదు. మోటారు గాలిని లోనికిఁ బీల్చుచుండఁగా బుడగ యెట్లు లేచును? అగరువత్తిని అతుకులవెంటఁ ద్రిప్పఁగా, హెడ్డు క్రింది ప్యాకింగుకడను, స్పార్కుప్లగ్గు రంధ్రముకడను పొగ లోనికేగెను.

ఆ దొంగగాలిని లెక్కలోఁ దీసివేసినఁ జాలునని కొందఱందురు. మాకది సమ్మతము గాదు. గొట్టములోని నీటిభేదము నాలుగింతలైనచో ప్రవాహము రెండింతలే యగును. కావున నీటిభేదములను దీసివేయుట తప్పు. ప్రవాహములనే తీసివేసినను, హెడ్డు విప్పి బిగించిన ప్రతిసారియు ఆ కాఱుడు మాఱును.

ప్యాకింగు మార్చి, రంధ్రమును మూసి కొలువఁగా, రాచుటవలనఁ గలిగిన లాభము మిగుల స్వల్పమని తేలెను. ఆ స్వల్పసంఖ్యనే ప్రయోగపుస్తకమున వ్రాయించితిమి. మునుపటి సంఖ్యను జెఱిపింపక, గీఁత కొట్టించి ప్రక్కనే యుంచితిమి.