భుజానికి ఫోను అప్పగించకండి

మిరపకోతలు జోరుగా సాగే రోజుల్లో మాచర్ల, గురజాల వైపు ఏ కళ్లం దగ్గరికైనా వెళ్లి చూడండి. ఎర్రటి రాశి ముందు కూర్చుని తాలుకాయలు ఏరే ఆడవాళ్లలో ఎవరో ఒకరి తల పక్కకు వాలి ఉంటుంది. చెవికీ భుజానికీ మధ్య ఫోను. అవతల రేపటి కూలి సంగతి మాట్లాడే మేస్త్రీ కావచ్చు, హైదరాబాదు నుంచి కొడుకు కావచ్చు. చేతులు మాత్రం ఆగవు. కారం అంటిన వేళ్లతో ఫోను పట్టుకుంటే ఆ మంట ముఖానికీ కళ్లకీ చేరుతుంది కాబట్టి పట్టుకోరు కూడా. మాట అయ్యాక ఫోను ఒళ్లోకి జారవిడిచి, మణికట్టుతో భుజం రుద్దుకుని మళ్లీ పనిలో పడతారు.

మెడనొప్పి కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్ల జబ్బని చాలామంది అనుకుంటారు. నా దృష్టిలో అది ముందుగా చేతులు ఖాళీలేని వాళ్ల జబ్బు. పోపు వేస్తూ మాట్లాడే ఇల్లాలు, నరసరావుపేట బట్టల కొట్లో తాను విప్పుతూ ధర చెప్పే గుమాస్తా, గట్టు మీద మందు కలుపుతూ కొట్టుకు ఫోన్ చేసే రైతు, అందరూ అలా మెడ వాల్చేవాళ్లే.

భుజం పైకి లేస్తుంది, మెడ అటే వంగుతుంది. మెడ నుంచి భుజం దాకా పరుచుకున్న కండరం మాట్లాడినంతసేపూ బిగుసుకునే ఉంటుంది. వెన్నుపూసల మధ్య నుంచి చేతికి దిగే నరాలకు వంగిన వైపు చోటు తగ్గుతుంది. పాత ల్యాండ్‌ఫోన్ రిసీవరు లావుగా, వంపు తిరిగి ఉండేది కాబట్టి కొంత నయం. ఇప్పుడున్నది పలచటి పలక. అది జారకుండా ఉండాలంటే మెడ ఇంకా వంచాలి, ఇంకా గట్టిగా నొక్కాలి.

తల దించి తెర చూడటం మరో తంటా. మనిషి తల బరువు సుమారు 5 కిలోలు. న్యూయార్కు వెన్నెముక సర్జన్ కెన్నెత్ హన్స్‌రాజ్ 2014లో కంప్యూటరు నమూనాతో లెక్కగట్టి, తల 60 డిగ్రీలు వంచితే మెడ మీద సుమారు 27 కిలోల భారం పడుతుందన్నారు. మన మిర్చి టిక్కీ (బస్తా)లో సగానికి మించిన బరువది. మనుషుల మెడల మీద కొలిచింది కాదు, లెక్క మాత్రమే. అయినా రాత్రిళ్లు తల వంచుకుని రీల్స్ చూసే పిల్లల చేతుల్లో ఫోనును కళ్ల ఎత్తుకు లేపమనడానికి ఆ లెక్క చాలు.

చేతులు పనిలో ఉంటే స్పీకరు పెట్టి ఫోను పక్కన ఉంచండి, లేదా ఇయర్‌ఫోన్ పెట్టుకోండి. నలుగురిలో మాట్లాడే మాట కాకపోతే పని ఆపి చేత్తో పట్టుకోండి. అయితే ఫోను ఎత్తినవాళ్లకే బుద్ధులు చెప్పి ఊరుకోవడం న్యాయం కాదు. పని ఆగితే మాట పడాల్సి వస్తుందన్న భయం ఉన్నవాళ్లు స్థిమితంగా ఎలా మాట్లాడతారు? అందుకే ఫోన్ చేసేవాళ్లకు నా మనవి: "తిన్నావా" అనే ముందు "చేతులు ఖాళీయేనా అమ్మా" అని అడగండి. కాదంటే సాయంత్రం చేయండి. మేస్త్రీలూ కొట్ల యజమానులూ పనివేళల్లో వాయిస్ మెసేజీ పంపితే సరిపోతుంది.

బండి నడుపుతూ భుజంతో ఫోను నొక్కిపట్టేవాళ్ల సంగతి మెడనొప్పితో పోయేది కాదు. తల వాల్చాక అద్దంలో వెనక లారీ సరిగా కనిపించదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం, ఫోను చేత్తో పట్టుకుని నడపడాన్ని ప్రమాదకర డ్రైవింగ్‌లో చేర్చింది. బండి పక్కకు ఆపి మాట్లాడండి.

మెడ పట్టేస్తే సెలూన్‌లో టక్కున విరిపించుకునే అలవాటు మనకుంది. దయచేసి మానండి. ఆ విసురుకు మెడలో రక్తనాళం చీలి పక్షవాతం వచ్చినవాళ్లున్నారు. మామూలు పట్టుకు వేడి కాపడం, నెమ్మదిగా మెడ కదపడం చాలావరకు చాలు. నొప్పి చేతిలోకి దిగి తిమ్మిరెక్కినా, పట్టు తప్పి గ్లాసు జారిపోతున్నా, నడక తూలినా డాక్టరుకు చూపించండి. ఎడమ భుజం లాగుతూ ఛాతీ బరువెక్కి చెమటలు పడితే మాత్రం ఫోను నొప్పేలే అని బామ్ రాసుకుని కూర్చోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.