మనమూ వలసొచ్చినోళ్ళమే మాస్టారూ

2025 సెప్టెంబరులో ట్రంపు కొత్త హెచ్-1బి దరఖాస్తులకి లక్ష డాలర్ల ఫీజన్నాడు. సెలవుకొచ్చినవాళ్ళు గాభరాపడి వెనక్కి టికెట్లు వెతుక్కుంటుంటే, ఫోర్‌చాన్‌లో కొందరు జట్టు కట్టి, డబ్బు కట్టకుండానే సీట్లు పట్టి ఉంచి, వాళ్ళకి దొరక్కుండా చేసే పన్లో పడ్డారు. దానికో వెటకారపు పేరు, దానిమీద మీమ్స్. మన సాఫ్ట్‌వేర్ జనాల గ్రూపులన్నీ భగ్గుమన్నాయి. భగ్గుమనాల్సిందే.

కానీ సరిగ్గా నెల ముందు, ఆగస్టులో, తెలంగాణలో "మార్వాడీ గోబ్యాక్" నడిచినప్పుడు అవే గ్రూపుల్లో ఏం పంచుకున్నామో ఓసారి పైకి స్క్రోల్ చేసి చూడండి. బీహారీ కూలీ, గుట్కా జోకులైతే ఏడాది పొడుగునా ఉంటాయి. రోహింగ్యా అన్నది ఇప్పుడు పేరు కాదు, తిట్టు.

"జోకుని జోకులా తీసుకో బాసూ" అంటారు. సరే, ఆ జోకు ఎలా పనిచేస్తుందో చూద్దాం. ఎవడైనా "వలసొచ్చినోళ్ళంతా దొంగలు" అని రాస్తే ఆధారం ఏదని అడగొచ్చు. అదే మాటని బొమ్మలో పెడితే అడగడానికేమీ ఉండదు. నవ్వొచ్చిందా లేదా, అంతే. అడిగినవాడికి హాస్యం తెలీదని ముద్ర. మన భాషలో చెప్పాలంటే మీమ్ ఒక లాసీ కంప్రెషన్. మనిషి పేరు, ఊరు, ఎందుకొచ్చాడన్న కారణం అన్నీ పారేసి ఒక మొహం, ఒక యాస మాత్రం ఉంచుతుంది. మళ్ళీ విప్పినా అసలు మనిషి తిరిగిరాడు. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఒలేతలో మన కూచిభొట్ల శ్రీనివాస్‌ని కాల్చి చంపినవాడు, తను కాల్చింది ఇరానీయుల్ని అనుకున్నాడు. వాడు ఏదో మీమ్ చూసి కాల్చాడని నేననడం లేదు. మొహం చూసి మనిషిని తేల్చేసే ఆ అలవాటు సంగతి చెబుతున్నా.

బాలాపూర్ అంటే మనకి గుర్తొచ్చేది లడ్డూ వేలం. ఆ చుట్టుపక్కలే గుడిసెల్లో రోహింగ్యాలు కూడా ఉన్నారు. 2017 ఆగస్టు తర్వాత మయన్మార్ నుంచి బంగ్లాదేశ్‌కి పారిపోయినవాళ్ళే ఏడు లక్షల పైచిలుకు. అంతకుముందు ఏళ్ళ తరబడి అక్కడి ఫేస్‌బుక్‌లో వాళ్ళని కుక్కలు, పురుగులు అంటూ పోస్టులు తిరిగాయి. హింస రెచ్చగొట్టడానికి తమ సైటుని వాడుకుంటుంటే ఆపడానికి చెయ్యాల్సినంత చెయ్యలేదని 2018 నవంబరులో ఫేస్‌బుక్కే ఒప్పుకుంది. అక్కడ వాళ్ళని తరిమిన సరుకే ఇక్కడ మన ఫోన్లలో లంచ్ బ్రేక్ కాలక్షేపం.

మాది గిద్దలూరు వైపు. మార్కాపురం, కంభం, యర్రగొండపాలెం స్నేహితులు ఉంటే అడగండి, వానల్లేక ఎండిన బోర్ల గురించీ, ఫ్లోరైడు నీళ్ళ గురించీ చెబుతారు. వెలిగొండకి శంకుస్థాపన 1996లో, నేను పుట్టకముందు. 2024 మార్చిలో సొరంగాలు జాతికి అంకితం చేసేనాటికి నేను ఉద్యోగంలో సీనియర్‌ని. అప్పటికీ పొలాలకి నీళ్ళు రాలేదు. సుంకేసుల, గొట్టిపడియ, కలనూతల లాంటి ఊళ్ళు మాత్రం ముంపు జాబితాకెక్కాయి. ఈలోపు జనం మిరపకోతలకని గుంటూరు వైపు, బేల్దారి పనికని హైదరాబాదు, బెంగుళూరు పోతూనే ఉన్నారు. ఇంటి దగ్గర ముసలాళ్ళు, పిల్లలు. బీహారు నుంచి వచ్చినవాడి కథ దీనికంటే వేరేగా ఉంటుందా? మనం ఏసీలో కూర్చుని లాప్‌టాప్ కొట్టుకుంటున్నాం కాబట్టి మనది "రీలొకేషన్", వాడిది వలస!

అలాగని వలసల మీద మాట్లాడకూడదా అంటే, మాట్లాడాలి. బయటినుంచి తెచ్చి తక్కువ కూలీకి పెట్టుకుంటే ఇక్కడి కూలీకి దెబ్బే, నిజం. కానీ తెచ్చిందెవరు? మేస్త్రీ, కాంట్రాక్టరు, వాళ్ళ పైన బిల్డరు. అదే పని చేసే మిగతావాళ్ళకంటే వలస కూలీకి తక్కువ ఇవ్వకూడదని 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కూలీల చట్టంలోనే రాశారు. దాన్ని ఎగ్గొట్టిన కాంట్రాక్టరు మీద మీ గ్రూపులో ఇన్నేళ్ళలో ఒక్క మీమ్ వచ్చిందా? వస్తే నాకూ పంపండి, చూస్తా.