పది పాసైన పిల్లల్ని ఎటు పంపాలి? రైతు కుటుంబాలకు కొన్ని సూచనలు

పదో తరగతి ఫలితాలు రాగానే కనిగిరి, పామూరు, పొదిలి, మార్కాపురం వైపు రైతులు మమ్మల్ని విత్తనాల గురించి ఎంత అడుగుతారో, పిల్లల చదువు గురించీ అంత అడుగుతారు. "ఇంటర్‌లో చేర్పించమంటారా సార్, ఐటీఐలోనా?" ఈ ప్రశ్న చిన్నది కాదు. వర్షాధార కంది, పొగాకు మీద బతికే ఇంట్లో ఒక తప్పు నిర్ణయం నాలుగేళ్ల అప్పుగా మారుతుంది.

మన దగ్గర ఎక్కువ మంది ఎంచుకునేది ఇంటర్ ఎంపీసీ, ఆపైన బీటెక్. బాగా చదివే పిల్లలకు అది మంచి దారే. లెక్కల్లో వెనకబడిన పిల్లవాణ్ణి పక్కింటివాళ్లను చూసి అందులో వేస్తేనే చిక్కు. సబ్జెక్టులు మిగిలిపోతాయి, డిగ్రీ చేతికి రాదు, చివరికి హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఏ చదువూ అక్కర్లేని పనిలో చేరతాడు. గేదెలు అమ్మి కట్టిన ఫీజు మాత్రం తిరిగి రాదు.

సాంకేతిక కోర్సు అంటే చదువు ఆగిపోవడం కాదు

"ఐటీఐలో వేస్తే ఇక పై చదువు లేదు" అన్న మాట నిజం కాదు.

• ఐటీఐ: వెల్డర్, డీజిల్ మెకానిక్ ఏడాది, ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ రెండేళ్లు. తర్వాత అప్రెంటిస్‌షిప్ చేయవచ్చు, పాలిటెక్నిక్‌కూ వెళ్లవచ్చు. 2019లో సచివాలయాల ఎనర్జీ అసిస్టెంట్ పోస్టులకు అడిగిన అర్హతల్లో ఐటీఐ ఎలక్ట్రికల్ ఒకటి.
• పాలిటెక్నిక్: పాలిసెట్ రాసి చేరాలి. ఇంజినీరింగ్ డిప్లొమా మూడేళ్లు. తర్వాత ఈసెట్ రాస్తే నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. ఇంటర్ దారిలో వెళ్లినవాడికీ ఇతనికీ బీటెక్ ముగిసేది ఒకేసారి. మధ్యలో ఆపాల్సి వచ్చినా ఇతని చేతిలో డిప్లొమా ఉంటుంది.
• వ్యవసాయ డిప్లొమా: ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం పాలిటెక్నిక్‌లలో రెండేళ్ల కోర్సు. పల్లె బడుల్లో చదివిన పిల్లల కోసం పెట్టినది. అగ్రిసెట్ రాసి బీఎస్సీ అగ్రికల్చర్‌కు వెళ్లవచ్చు. పురుగుమందుల దుకాణం లైసెన్సుకూ ఈ చదువు పనికొస్తుంది.
• పశుసంవర్ధక డిప్లొమా: ఇదీ రెండేళ్లే. పాడి ఉన్న ఇంట్లో పిల్లలకు బాగా కలిసివస్తుంది.

వ్యవసాయ, పశుసంవర్ధక డిప్లొమాల విషయంలో ఒక్క హెచ్చరిక. 2019లో గ్రామ సచివాలయాల పోస్టులు ఒక్కసారిగా పడ్డాయి, చాలా మందికి ఉద్యోగాలొచ్చాయి. అలాంటి నోటిఫికేషన్ ఏటా రాదు. ప్రభుత్వ కొలువు ఒక్కటే లెక్కలో పెట్టుకుని చేర్పించకండి.

ఫ్యాక్టరీలు వస్తున్నాయంటున్నారు కదా?

2025 ఏప్రిల్ 2న పీసీపల్లి మండలం దివాకరపల్లిలో రిలయన్స్ బయోగ్యాస్ ప్లాంటుకు శంకుస్థాపన జరిగింది. నేపియర్ గడ్డిని తరిగి, గాలి తగలని ట్యాంకుల్లో పులియబెట్టి, వచ్చిన గ్యాస్‌ను శుద్ధి చేసి కంప్రెస్ చేస్తారు. అంటే పంపులు, మోటార్లు, కంప్రెసర్లు, కరెంటు ప్యానెళ్లు నడవాలి. అక్కడ కావలసింది ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, వెల్డర్.

అయితే శంకుస్థాపన చూసి కోర్సు ఎంచుకోవద్దు. పామూరు, పీసీపల్లి మండలాల్లో నిమ్జ్ వస్తుందని మనం ఏళ్ల తరబడి వింటూనే ఉన్నాం. ఫ్యాక్టరీ వచ్చినా రాకపోయినా మన ఊళ్లో పని దొరికే విద్య నేర్పించండి. ఎండాకాలం బోరు మోటారు కాలితే బాగుచేసేవాడి కోసం ఎన్ని రోజులు ఎదురుచూస్తున్నారో మీకే తెలుసు. డ్రిప్, సోలార్ పంపు, ట్రాక్టర్ మరమ్మతులకూ ఇదే కరువు.

నిర్ణయానికి ముందు ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి

1. వాన లేని ఏడు వచ్చినా ఎన్నేళ్లు ఫీజు, హాస్టల్ ఖర్చు భరించగలం?
2. పిల్లవాడికి పుస్తకం మీద మనసుందా, పనిముట్టు మీద ఉందా? అమ్మాయినీ ఇదే అడగండి. ఎలక్ట్రీషియన్, డ్రాఫ్ట్స్‌మన్ కోర్సుల్లో ఆడపిల్లలూ చేరవచ్చు.
3. మధ్యలో ఆపాల్సి వస్తే చేతిలో ఏ సర్టిఫికెట్ ఉంటుంది?
4. ఆ ఐటీఐలో మెషీన్లు నడుస్తున్నాయా? ఒకసారి వెళ్లి వర్క్‌షాప్ చూడండి. తాళం వేసి ఉంటే వెనక్కి వచ్చేయండి.

నేరుగా బీఎస్సీ అగ్రికల్చర్ చదవాలనుకునే పిల్లల్ని ఇంటర్ బైపీసీలోనే చేర్పించండి. రైతు కోటా సీట్ల కోసం భూమి కాగితాలు, పల్లెలో చదివిన స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే భద్రపరచండి. ఆ ఏడాది నోటిఫికేషన్‌లో నిబంధనలు సరిచూసుకోండి. ప్రైవేటు కాలేజీ అయితే ఐసీఏఆర్ గుర్తింపు ఉందో లేదో తెలుసుకున్నాకే డబ్బు కట్టండి.

పొలంలో నేల చూసి పంట వేస్తాం. ఎర్రనేలలో వరి వేయలేదని ఎవరూ చిన్నబుచ్చుకోరు. పిల్లల చదువుకూ అదే లెక్క. సందేహం ఉంటే పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని మీ రైతు సేవా కేంద్రానికి రండి. అతని ముందే మాట్లాడుకుందాం.